రూపాయి మిత్తి

బోధన్ శక్కర్‌నగర్‌లో రూతమ్మ గిర్నీ తెలియని ఇల్లు లేదు. గోధుమలు, జొన్నలు, మిరపకాయలు, పసుపు కొమ్ములు, ఏది తెచ్చినా పట్టి ఇస్తుంది. పిండి గుప్పెడు తగ్గిందని ఇరవై ఏళ్లలో ఒక్కరూ అనలేదు. అందుకే డిసెంబరులో క్రెడిట్ కార్డు బిల్లు వచ్చినప్పుడు ఆమెకు మొదట కోపం రాలేదు. ఎక్కడో వడ్డీ లెక్క తప్పిందనుకుంది.

"ఇంకోపారి సూడు ఆశా. మిత్తి ఆరు వందలు ఉండాలె."

డిగ్రీ చదువుతున్న కూతురు ఫోను దగ్గరికి పెట్టుకుని మళ్లీ చదివింది. "రెండు వేల నూట అరవై ఉందమ్మా. నూటికి నెలకు మూడు రూపాయల అరవై పైసలట."

"మనది రూపాయి మిత్తి గదనే!"

మే నెలలో, మిరపకాయల గిరాకీ మంచి ఊపు మీదున్నప్పుడు గిర్నీ మోటారు కాలిపోయింది. కొత్త మోటారు, కారం పట్టే మిషను కలిపి ఎనభై అయిదు వేలు అన్నారు. సరిగ్గా అప్పుడే రేణుకమ్మ కొడుకు నరేష్ వచ్చాడు. రేణుకమ్మది అదే గల్లీ. నరేష్ నిజామాబాద్‌లో ఒక బ్యాంకు కార్డులు అమ్మే పనిలో కొత్తగా చేరాడు. కాలిపోయిన మోటారు పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు. "పన్నెండు నెలలు రూపాయి మిత్తే పెద్దమ్మా, గ్యారంటీ. బయట ఎవలిస్తరు గిట్ల?" అన్నాడు. ఆమె ఫోనులో ఎక్కడ నొక్కాలో అతనే చూపించాడు. చిన్నప్పుడు పిండి డబ్బా మోసుకొచ్చిన పిల్లవాడు. రూతమ్మ ఇంకేమీ అడగకుండా ఆ కార్డు మీదే మోటారు, మిషను కొంది.

అయిదు నెలలు తారీఖుకు ఒక రోజు ముందే కట్టింది. నవంబరులో చర్చివాళ్లతో కలిసి ధారూరు జాతరకు పోయింది. వారమంతా అడవిలో గుడారాలు, పాటలు, ప్రార్థనలు. ఫోను సంచి అడుగున పడింది. బుధవారం కట్టాల్సిన కిస్తు మరచిపోయింది. సోమవారం ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కోకముందే గుర్తొచ్చి కట్టేసింది. ఆలస్యమైనందుకు ఏడు వందల యాభై జుర్మానా వేస్తే, తప్పు తనదేనని నోరెత్తకుండా అదీ కట్టింది. అక్కడితో అయిపోయిందనుకుంది.

డిసెంబరు బిల్లు చూశాక బ్యాంకు నంబరుకు ఆశా ఫోను చేసింది. ఒకటి నొక్కమని, నాలుగు నొక్కమని తిప్పి తిప్పి, చివరికి ఒకమ్మాయి చెప్పింది. ఒక్క కిస్తు తప్పినా తక్కువ వడ్డీ రద్దవుతుందట. మిగిలిన బాకీ మొత్తానికి మామూలు వడ్డీయేనట. మళ్లీ మార్చడం కుదరదట.

"ఒక్కపారికా?" అంది రూతమ్మ.

స్కూలు బస్సు నడిపే భర్త దాసు అన్నం తింటూ, "ఆలిశం మనదే గదా రూతూ, ఊకో. బ్యాంకోళ్లతోని మనకేం అయితది?" అన్నాడు.

"ఆలిశానికి జుర్మానా కట్టిన. గిది దేనికి?"

దాసు పళ్లెంలో మజ్జిగ పోసుకున్నాడు.

మర్నాడు గిర్నీ మూసి నిజామాబాద్ బస్సెక్కింది. మేనేజరు మర్యాదస్తుడే. కుర్చీ చూపించి, కంప్యూటరులో ఏదో వెతికి, ఒక కాగితం అచ్చు తీసి ముందు పెట్టాడు. చీమ తలంత అక్షరాలు, అంతా ఇంగ్లీషు. ఒక లైను కింద పెన్నుతో గీత గీశాడు.

"ఇక్కడ స్పష్టంగా ఉందమ్మా. మీరు ఒప్పుకున్నట్టు ఫోనులో నొక్కారు."

"స్పష్టంగ ఉంటే మీరు గీత ఎందుకు గీసిన్రు సార్?"

మేనేజరు పెన్ను మూత పెట్టాడు.

"నేను ఏడో తరగతి దాకా తెలుగుల సదువుకున్న. రూపాయి మిత్తి అన్న ముచ్చట నాకు తెలుగులనే చెప్పిన్రు. గీ ముచ్చట ఇంగ్లీషుల ఎందుకు దాచిన్రు?"

"దాచలేదమ్మా, రూల్స్ అందరికీ ఒకటే."

"అయిదు నెలలు ఒక దినం ముందే కట్టిన. దానికేమన్న మిత్తి తగ్గించిన్రా? లేదు. అయిదు దినాలు ఎనుకకు పడితె మూడింతలు చేసిన్రు. మా దగ్గర బాలన్న అప్పిస్తడు. ఆయనది రెండు రూపాయల మిత్తి. ఆయన్నేమో అందరు తిడతరు. మీరు మూడున్నర దాటిచ్చి, ఏసీ కింద కూసొని రూల్స్ అంటున్నరు."

సిస్టం ఒప్పుకోదని, తన చేతుల్లో లేదని, ఫిర్యాదు రాసి ఇవ్వమని మేనేజరు అన్నాడు. రూతమ్మ అక్కడే కూర్చుని రెండు పేజీలు తెలుగులో రాసింది.

బోధన్‌లో బస్సు దిగి నేరుగా రేణుకమ్మ ఇంటికి పోయింది. నరేష్ అప్పుడే బండి నిలబెడుతున్నాడు.

"కిస్తు తప్పితె రూపాయి మిత్తి పోతదని నీకెర్కనా నరేషూ?"

నరేష్ తల్లి వైపు చూశాడు. "ఎర్కనే పెద్దమ్మా."

"మరెందుకు చెప్పలె?"

"ట్రైనింగ్‌ల అడిగితేనే చెప్పుమన్నరు. అన్నీ చెప్తే ఎవలు తీసుకోరని..."

"అడిగితేనా? అసొంటి షరతు ఒకటుందని ఎర్కలేనిదాన్ని, ఏమని అడగాలె రా? నువ్వు రేణుక కొడుకువని నమ్మిన. బ్యాంకును సూసి కాదు."

నరేష్ ముఖం ఎర్రబడింది. "నా టార్గెట్ ఉండె పెద్దమ్మా. నెలకు ఇరవై కార్డులు చెయ్యకపోతే తీసేస్తరు."

"మన దగ్గర ఎంతమందికిచ్చినవ్?"

"పదకొండు మందికి."

"ఇప్పుడే నడువు. ఇంటింటికి పోయి నీ నోటితోని చెప్పు. నేను ఎంబడి వస్త."

"బ్యాంకుల తెలిస్తే నా నౌకరి పోతది!"

అప్పటిదాకా చీపురు పట్టుకుని నిలబడ్డ రేణుకమ్మ అప్పుడు నోరు విప్పింది. "నిజం చెప్తే పోయే నౌకరైతె పోనియ్యి. రేపటినుంచి నేను ఏ మొఖం పెట్టుకొని గిర్నీకి పోవాలె? నడువు."

ముందు సవిత కుట్టుమిషను దుకాణానికి పోయారు. ఆమె కిస్తు గడువు ఆ శుక్రవారమే. తర్వాతి వారం కట్టొచ్చులే అనుకుంటోంది. నరేష్ తల వంచుకుని చెబుతుంటే చేతిలో బట్ట వదిలేసి వింది, అక్కడికక్కడే ఫోను తీసి కట్టింది. ఒక్కో ఇంట్లో ఒక్కో మాట పడింది. ఒకామె తలుపు వేసుకుంది. ఇంకొకామె నరేష్‌కే మంచినీళ్లిచ్చింది.

చివర లింబయ్య చాయ్ కొట్టు. లింబయ్యకు చదువు లేదు. మొన్నటి శ్రావణంలో ఒక కిస్తు తప్పిందట. అప్పటినుంచి బిల్లు పెరుగుతూ వస్తే, ఫ్రిజ్జు కొన్న బాకీ కదా, అంతే ఉంటుందేమో అనుకుని నెలనెలా కట్టుకుంటూ వస్తున్నాడు. నరేష్ ఆయన ఫోనులో పాత బిల్లులు ఒక్కొక్కటే వెనక్కి తిప్పి చూశాడు.

"ఏమైంది బిడ్డా, ఎక్కువ కట్టిన్నా?" అన్నాడు లింబయ్య.

రూతమ్మకు ఆ పూట తన రెండు వేల నూట అరవై గుర్తు లేదు. ఆ ముసలాయన గొంతులో బ్యాంకు మీద కోపం లేదు, తన వల్లే ఏదో పొరపాటు జరిగిందన్న భయం ఉంది. ఆమెను అదే ఎక్కువ మండించింది. ఆ సాయంత్రమే ఆశాతో లింబయ్య పేర ఇంకో ఫిర్యాదు రాయించింది. కార్డు అమ్మేటప్పుడు ఈ షరతు చెప్పలేదని నరేష్ దాని కింద తన పేరు రాసి సంతకం చేశాడు. చేసేటప్పుడు ఎవరి ముఖమూ చూడలేదు.

నెలన్నర తర్వాత జవాబులు వచ్చాయి. అమ్మినవాడే ఒప్పుకున్నాడు కాబట్టి లింబయ్య దగ్గర ఎక్కువగా తీసుకున్న వడ్డీ తిరిగి ఇచ్చారు. రూతమ్మకు మాత్రం జుర్మానా ఏడు వందల యాభై వెనక్కి వేసి, వడ్డీ విషయంలో చింతిస్తున్నామని రాశారు. ఆమె ఫిర్యాదు కింద నరేష్ సంతకం లేదు. అది రాసిన పొద్దున ఆమెకు ఆ ఆలోచనే రాలేదు. నరేష్‌ను ఉద్యోగంలోంచి తీసేశారు. ఇప్పుడు నవీపేట దగ్గర ఎరువుల దుకాణంలో చేస్తున్నాడు. రేణుకమ్మ మునుపటిలాగే గోధుమలు తెస్తుంది.

రూతమ్మ పొదుపు సంఘంలో అప్పు తీసుకుని మొత్తం బాకీ ఒక్కసారే కట్టి, కార్డు మూసేయడానికి మళ్లీ నిజామాబాద్ పోయింది. కౌంటరులో అమ్మాయి అడిగింది, "ఎందుకు క్లోజ్ చేస్తున్నారు ఆంటీ? అవసరం లేదు అని పెట్టనా?"

"కాదు. మాట తప్పిన్రు అని పెట్టు."

"అట్లాంటిది ఇందులో లేదు ఆంటీ. కారణాలు నాలుగే ఉన్నాయి."

"ఆ నాలుగిట్ల నాది లేదు. ఒక తెల్లకాగితం ఇయ్యమ్మా."

వెనక లైనులో ఉన్నవాళ్లు విసుక్కున్నారు. రూతమ్మ తొందరపడలేదు. పెద్ద పెద్ద తెలుగు అక్షరాలతో, ఎవరైనా కళ్లద్దాలు లేకుండా చదవగలిగేలా కారణం రాసి, పేరు రాసి, తారీఖు వేసింది. అందిందని ముద్ర కొట్టేదాకా కౌంటరు వదల్లేదు.