కాడుగోడిలో దొరికిన పిల్లల దొంగ

చేతులు వణుకుతున్నాయని మునినారాయణప్ప దర్జీ పని మానేశాక ఆయనకు పొద్దు పోవడమే గగనమైంది. అప్పుడు చేతికొచ్చింది ఫోను. తప్పిపోయిన ఒక పిల్ల వీడియో చూసి, పాపం అనుకుంటూ చివరిదాకా ఉండిపోయాడు. అంతే, ఇక ఫోను అలాంటివే వడ్డించింది. గోనెసంచుల్లో పిల్లల్ని ఎత్తుకుపోయే ఆడవాళ్ళు, బయటి ఊళ్ళ నుంచి దిగిన ముఠాలు.

కూతురు హరిణి నగరంలోని హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఆఫీసు ముగించుకుని, బస్సుల్లో నిలబడి శివారు కాడుగోడి చేరేసరికి ప్రాణం సగమయ్యేది. గడపలోనే ఆ వీడియోల గొంతులు ఎదురయ్యేవి.

"ఇది మన ఊరు కాదు నాన్నా. వెనకాల బోర్డు చూడు, హిందీలో ఉంది."

"ఒకటి అబద్ధమైతే అన్నీ అబద్ధమేనా? ఇంతమంది ఊరికే చెప్తారా?"

ఒక ఆదివారం ఆయన పడుకున్నప్పుడు, ఫోను దారి మళ్ళుతుందేమోనని హరిణి అందులో మధ్యాహ్నమంతా భజనలూ, ఆవకాయ వీడియోలూ ఆడించింది. రెండు రోజులు ఇల్లు నెమ్మదించింది. తర్వాత మళ్ళీ అవే. భయం కనబడితే చాలు, ఆయన వేలు అక్కడే ఆగేది. హరిణి వాదించడం తగ్గించేసింది.

ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వస్తున్న హరిణికి రైల్వే స్టేషన్ దారిలో గుంపు కనబడింది. నడుమ ఆదెమ్మ. పాలమూరు నుంచి మేస్త్రీ పనులకొచ్చిన కుటుంబం, వీళ్ళ వీధి చివరి రేకుల ఇంట్లోనే ఉంటుంది. చంకలో మనవడు అమ్మ కావాలని గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఒకడు ఆమె కొంగు పట్టుకున్నాడు. ఇద్దరు వీడియో తీస్తున్నారు. ఎవరి పిల్లాడని కన్నడంలో గద్దిస్తుంటే, "నా మనుమడే సారూ" అని ఆమె తెలుగులో అంటూనే ఉంది.

ముందు వరసలో తండ్రి కనబడేసరికి హరిణి జనాన్ని తోసుకుంటూ అటు కదిలింది. ఈలోగా ఆయన కళ్ళు చికిలించి ముందుకు వంగాడు.

"వదలండప్పా, ఈమె మా వీధిలోనే ఉండాది. పిల్లోడు ఈమె మనవడే. నాకు తెలుసు."

కొంగు పట్టిన చేతిని తనే విడిపించాడు. జనం అయిష్టంగా చెదిరారు. తండ్రీ కూతుళ్ళు ఆదెమ్మను ఇంటిదాకా దింపారు. వాకిట్లో ఆమె "నువ్వు రాకుంటే అన్నా..." అని ఆగిపోయింది.

అన్నాల వేళకు ఆ వీడియో ఆయన ఫోనుకే వచ్చింది. 'కాడుగోడిలో దొరికిన పిల్లల దొంగ'. అందులో ఆదెమ్మ ముఖం ఉంది. ఆయన విడిపించిన ముక్క లేదు.

"అబద్ధమని రాయమ్మా. నేను ఆడనే ఉన్నానని రాయి."

హరిణి రాసింది. నీకెంత ముట్టిందని ఒకడు కింద అడిగాడు. తర్వాత వచ్చిన తిట్లలో హరిణి రాసిన మాట ఎక్కడో మునిగిపోయింది.

సంతలో జనం ఆ వీడియోతో ముఖం పోల్చి చూస్తున్నారని, ఆ వారంలోనే ఆదెమ్మ వాళ్ళు మూటాముల్లే కట్టుకుని దూరంగా చందాపుర వెళ్ళిపోయారు. వాళ్ళ ఆటో మలుపు తిరిగేదాకా మునినారాయణప్ప వాకిట్లో నిలబడ్డాడు. లోపలికొచ్చి కూర్చున్నాడు. తర్వాత ఫోను తీశాడు. తెర మీద వేరే ఊరు, వేరే ఆడమనిషి, చుట్టూ గుంపు.

"ఆదెమ్మ సంగతి వేరేలే," అన్నాడు మెల్లగా. "ఇది మాత్రం నిజమే అయ్యుంటాది, కదమ్మా?"

హరిణి బియ్యం కడగడానికి లేచింది.