వెండిరేకు మీద అత్తయ్య

అత్తయ్యకి ఫోటో అంటే గిట్టదు. వయసులో ఉండగా ముఖానికి పక్షవాతం వచ్చి తగ్గింది గాని, మూతి ఒక కొస కాస్త కిందికి జారి అలాగే నిలిచిపోయింది. అద్దంలో చూసుకుంటే ఆవిడకేమీ అనిపించదు. ఫోటో చేతికిస్తే మాత్రం, ఎవరిదో ముఖం తెచ్చి నా మెడకి తగిలించారంటుంది. కోట్లు కుట్టడంలో అందెవేసిన చెయ్యి. ఎవరైనా కెమెరా తీస్తే ఆ చెయ్యే ముఖానికి అడ్డం వచ్చేది.

ఆవిడ మేనకోడలు మ్యూజియంలో పాత ఫోటోలు బాగుచేస్తుంది. కాగితం మీద ఫోటోలు అందరికీ అందుబాటులోకి రాకముందు, వెండి పూసిన రాగిరేకుల మీద తీసేవారు. ఒక్కో రేకూ ఒక్కటే, దానికి నకలుండదు. గాలి తగిలితే నల్లబడుతుంది, వేలు తగిలితే బొమ్మే చెరిగిపోతుంది. అలాంటివాటిని కొత్త అద్దాల కింద భద్రం చేసే మనిషి, ఒక్కటైనా తన చేత్తో తయారు చెయ్యకపోతే ఎలా అనుకుని అత్తయ్యగారి మేడమీద గదిలో మకాం వేసింది. పూర్వం బొమ్మ తేలడానికి పాదరసం ఆవిరి పట్టేవారట. అది విషం కాబట్టి, ఎర్రగాజు పలక కింద ఉంచి ఎండ చూపించే పద్ధతి ఎంచుకుంది.

ముందు మావయ్యని కూర్చోబెట్టింది. ఆయన గడియారాలు బాగుచేస్తాడు గాని, కాసేపు కుదురుగా ఉండమంటే ఒళ్ళంతా జెర్రులు పాకుతాయి. మొదటి రేకు మీద ఆయనకి రెండు ముక్కులు వచ్చాయి. రెండోదాని మీద అసలు తలే రాలేదు.

మూడో రేకు మెరుగుపెడుతుంటే అత్తయ్య చూసి ఉండబట్టలేక, అలా రుద్దితే గీతలు పడతాయని మఖమలు గుడ్డ లాక్కుంది. ఒకే వైపుకి, బరువు వెయ్యకుండా రుద్దుకుంటూ పోయింది. పనయ్యాక రేకులోకి వంగి చూసింది. తన ముఖం తేటగా కనబడింది.

"ఇది అద్దమే కదే," అంది.

"అద్దమే అత్తా. బొమ్మ దీనిమీదే పడుతుంది."

"అయితే కూర్చుంటాను."

మేనకోడలికి కాళ్ళు నేలమీద ఆగలేదు. ఆవిడ మనసు మారేలోగా చీకటి గదిలో, వెలుతురు పడితే బొమ్మ దిగేలా రేకుకి అయోడిన్ ఆవిరి పట్టింది. బంగారు రంగు తిరగగానే కెమెరాలో పెట్టి కిటికీ దగ్గరికి పరిగెత్తింది. సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఊపిరి బిగబట్టే అలవాటున్న మనిషి కదా, అత్తయ్య నాలుగు నిమిషాలు రాయిలా కూర్చుంది. పెళ్ళయ్యాక ఇంతసేపు ఆవిడ మాట్లాడకపోవడం ఇదే మొదలని మావయ్య గొణిగినా ఉలకలేదు.

తర్వాత రేకుని ఎర్రగాజు కింద ఎండలో పెట్టారు. ముగ్గురూ దానిమీదే వంగిపోయారు. చాలాసేపు ఏమీ లేదు. అప్పుడు అత్తయ్య తను కుట్టుకుని వేసుకున్న కోటు కాలరు మసగ్గా తేలింది. ఆ వెనకే చెంప, చెవి. మావయ్య అత్తయ్య భుజం పట్టుకుని, పట్టుకున్న సంగతే మర్చిపోయాడు. చివరికి కళ్ళు తేలాయి.

బొమ్మ చెదరకుండా నిలిపే హైపో మందునీళ్ళలో కడిగి, ఆరబెట్టి, మేనకోడలు దాన్ని అత్తయ్య ముందు పట్టుకుంది. ముందు మెరుపే కనబడింది గాని, రేకుని కొంచెం వాల్చగానే బొమ్మ నిలిచింది. వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టచ్చు. అత్తయ్య చాలాసేపు చూసింది.

"ఇదీ నేను," అంది మెల్లగా.

మావయ్య ఒప్పుకోలేదు. ఇన్నేళ్ళుగా ఎదురుగా కూర్చుని చూస్తున్న మూతి తనకి తెలియదా, వంకర అటు కాదు, ఇటు అని వాదించాడు. అప్పుడు తట్టింది మేనకోడలికి. ఈ రేకుల మీద బొమ్మ అద్దంలోలాగే కుడి ఎడమలు మారి పడుతుంది. తనకి తెలిసిన తన ముఖాన్ని అత్తయ్య మొదటిసారి ఫోటోలో చూసుకుంటోంది.

ఆ మాటే ఇద్దరికీ చెప్పింది. అత్తయ్య నవ్వుతూ రేకు మీది చెంపని తడమబోయింది. చటుక్కున చెయ్యి పట్టుకుని ఆపి, వెంటనే రేకు మీద అద్దం పెట్టింది మేనకోడలు. చుట్టూ గాలి చొరకుండా కాగితపు పట్టీ అత్తయ్యే కత్తిరించి ఇచ్చింది. మావయ్య ఇంకా అటూ ఇటూ అంటూనే ఉన్నాడు.

"రేపు ఎండ కాస్తే మీ వంతు," అంది అత్తయ్య ఆయనతో. "ముందా గడ్డం గీసుకోండి. కదిలితే కుర్చీకి కలిపి కుట్టేస్తాను."