పుస్తకం లేని కార్డు

నేను ఒక లైబ్రరీ కార్డును. అయిదంగుళాల పొడవు, మూడంగుళాల వెడల్పు, అడుగున ఒక రంధ్రం. సొరుగులో మమ్మల్నందరినీ ఒకే ఇనుప కమ్మీకి గుచ్చి ఉంచేవారు. మిగతా కార్డులకు తలా ఒక పుస్తకం ఉండేది. నాకు లేదు. దారి చూపడం నా పని.

1979లో యూనివర్సిటీ లైబ్రరీలో కేటలాగు రాసే నరసింగరావు నన్ను టైపు చేశారు. ఆ వారం రౌతు పైడితల్లి అనే టీచరు అచ్చువేసిన ఊడ్పు పాటల పుస్తకం వచ్చింది. అందులోని నలభై పాటలు ఏడేళ్ల కిందటి ఇంకో పుస్తకంలోనూ ఉన్నాయి. దాని మీద పేరు గేదెల పైడితల్లి. మా జిల్లాలో వీధికి నలుగురు పైడితల్లులుంటారు. ఆయన సైకిలెక్కి ఆవిడ బడికి వెళ్లి కనుక్కొచ్చారు.

"రెండూ ఆవిడవేనయ్యా," అన్నారు అటెండరుతో. "'పెళ్లయి ఇంటిపేరు మారినాది గానీ రాసినదాన్ని నేనే బాబూ' అంది."

రెండు పుస్తకాల కార్డులూ రౌతు దగ్గర పెట్టి, గేదెల దగ్గర నన్ను పెట్టారు. నా మీద ఒకటే వరుస: "గేదెల పైడితల్లి. చూడుము: రౌతు పైడితల్లి."

కంప్యూటరు వచ్చినప్పుడు పుస్తకం నంబరున్న కార్డులనే ఎక్కించారు. పేర్లు అట్టమీద ఉన్నట్టే కొట్టారు. నాకు నంబరు లేదు. సొరుగులు ఖాళీచేసి, వెనకవైపు తెల్లగా ఉంది కదా అని మమ్మల్ని చిట్టీలకు వాడుకోమని కౌంటరు మీద పెట్టారు. మనుషులు కాగితాన్ని వృథా పోనివ్వరు. చదవడమే మరిచిపోతారు.

ఆ కౌంటరు దగ్గరే ముదిలి రోజా తన గైడు అప్పలస్వామితో మాట్లాడుతుంటే విన్నాను. ఆమె సిద్ధాంత గ్రంథం సోమవారం ఇవ్వాలి. ఆధార గ్రంథాల పట్టికలో ఇంటిపేరు, కామా, పొడి అక్షరం ఉండాలన్నది నియమం. "గేదెల, పై." ఒక పేజీలో, "రౌతు, పై." నాలుగు పేజీల తర్వాత.

"నలభై పాటలు దించేసింది సార్ ఈ రౌతు."

"ఓహో, మంచి దొంగనే పట్టావమ్మా! అధ్యాయానికి ఆ పేరే పెట్టీ. మరింక దాన్ని ముట్టుకోకు."

జవాబు చెప్పుకోవడానికి పైడితల్లి లేదు. పోయి ఆరేళ్లు.

శుక్రవారం రోజా పేజీ నంబరు సరిచూసుకోవడానికి పాత పుస్తకం అడిగింది. కౌంటరు గుమాస్తా దాని నంబరు నా వెనక రాసిచ్చాడు. అలమర దగ్గర ఆమె నన్ను తిప్పి చూసింది. రెండుసార్లు చదివింది. నన్ను పర్సులో వేసుకుని, పుస్తకంలో రాసున్న ఆవిడ బడికి వెళ్లి పాత రిజిస్టరు తీయించింది. ఒకే టీచరు, రెండు ఇంటిపేర్లు.

అక్కడినుంచే గైడుకు ఫోను చేసింది.

"చిట్టీ ముక్క చూసి అధ్యాయం తీసేస్తావేటి? ఏడాది పోద్ది!"

"నాకింకో ఏడాది ఉంది సార్. ఆవిడకి లేదు."

ఏడాది తర్వాత ఆ గ్రంథం బైండయి ఇదే లైబ్రరీకి వచ్చింది. దొంగ అధ్యాయం లేదు. పట్టికలో రెండు పుస్తకాలూ రౌతు పైడితల్లి కింద, పూర్తి పేరుతో ఉన్నాయి. గేదెల దగ్గర నా మీదున్న వరుసే ఉంది. ఆ పేజీలో గుర్తుకు పెట్టి రోజా నన్ను మరిచిపోయింది.

ఇంతవరకూ ఆ గ్రంథాన్ని ఎవరూ తీయలేదు. నాకు అలవాటే.