మెడ అతికిన సైలెన్సర్

నేను ఒక సైలెన్సర్‌ను. మోటారు సైకిలుది కాదు, మనిషి రెండు చేతులూ చాపినా అందనంత రెక్కలున్న రిమోట్ విమానానిది. ఇంజన్ నోరు మూయించడం నా వృత్తి. విమానం ఎగిరితే జనం రెక్కల్ని మెచ్చుకుంటారు, కూలితే ఇంజన్‌ను తిడతారు. నా ఊసు ఎవరూ ఎత్తరు. నేనేమీ నొచ్చుకోను. నేను లేకపోతే వాళ్ల మాటలు వాళ్లకే వినపడవని నాకు తెలుసు.

కోయంబత్తూరులో పలుచని రేకును చుట్టి, అతికి నన్ను చేశారు. అక్కణ్ణుంచి వచ్చి బెజవాడలో వీరభద్రాచారి చేతిలో పడ్డాను. ఆయన లారీలకు బాడీలు కడతాడు. బోల్టు మూలిగేదాకా బిగిస్తే తప్ప ఆయనకు అన్నం సహించదు. సెలవు దొరికితే విమానం కడతాడు, కూతురు భ్రమరాంబ దాన్ని ఎగరేస్తుంది.

మొదటి విమానంలో ఇంజన్‌ను రబ్బరు దిమ్మల మీద కూర్చోబెట్టాడు, బాగానే ఉంది. నన్ను మాత్రం విమానం కడుపులోని చెక్కకు పట్టీ వేసి, లారీ సామాను బిగించినట్టే బిగించాడు. గాలిలోకి లేచాక ఇంజన్ ఊగింది, నేను కదలలేకపోయాను. ఇంజన్‌కు తగిలించిన నా మెడ గొట్టం పుటుక్కున విరిగింది. వేడి పొగ లోపలే నిండి వైర్లు కాలిపోయాయి. విమానం రిమోట్ మాట వినడం మానేసి మిరపచేలో కూలింది.

భ్రమరాంబ ముక్కలు ఏరుకుంటూ ఏడ్చింది. "ఇంకొక్కటి కడదాం నాన్నా. అదీ పడిపోతే నేనింక రిమోట్ ముట్టుకోను," అంది. ఆ మాట ఆచారిని చాలాకాలం నిద్రపోనివ్వలేదు.

కొత్త విమానం తయారైంది. నా మెడ అతికించి మళ్లీ నన్నే ఎక్కించారు. ఎగరేసే రోజు పొద్దున్నే ఆచారి చెయ్యి అలవాటుకొద్దీ స్పానర్ మీదికి పోయింది.

"ఆగు నాన్నా! ఇంజనేమో రబ్బరు మీద ఊగుద్ది. దీన్ని మళ్లీ చెక్కకి బిగించేస్తే మెడ విరగదా మరి?"

"వదులుగా వదిలేస్తే ఊడిపోద్ది కదమ్మా!"

"ఊడదు. పట్టీ కింద మెత్తగా ఏదన్నా పెట్టు. వేడికి కరగనిది అయ్యుండాలి."

ఆచారి కాసేపు తల గోక్కుని, వంటింట్లోకి పిల్లిలా వెళ్లి ఏదో జేబులో వేసుకొచ్చాడు. దాన్ని కోసి నా చుట్టూ వేసి, పైన పట్టీ పెట్టాడు. జన్మలో మొదటిసారి, బోల్టు మూలగకముందే ఆగాడు. "ఇది నా దగ్గరుంటే మళ్లీ తిప్పేస్తా. నువ్వే ఉంచుకో," అంటూ స్పానర్ కూతురి చేతిలో పెట్టాడు.

ఎగిరాం. ఇంజన్ ఎటు ఊగితే నేనూ అటే ఊగాను. భ్రమరాంబ విమానాన్ని తలకిందులు చేసింది, ఆకాశంలో సున్నాలు చుట్టించింది. విమానం పూలబుట్ట దించినట్టు నేల మీద వాలింది. ఆచారి పరుగున వచ్చి నన్ను తడమబోయి చెయ్యి కాల్చుకున్నాడు. కళ్లల్లో నీళ్లు వేడికే వచ్చాయన్నాడు. నేను ఎదురు చెప్పలేదు, నా వృత్తే మౌనం.

ఇంటికి రాగానే ఆయన భార్య రాజ్యలక్ష్మి గుమ్మంలోనే నిలదీసింది. "కుక్కర్ రింగేదండీ? పొద్దుట్నుంచీ ఒక్క విజిల్ రాలా. పప్పు పలుకు పలుకుగానే ఉంది!"

తండ్రీ కూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆచారి కిక్కురుమనకుండా కూర్చుని, ఆ ఉడకని పప్పే మారు అడిగి వేయించుకున్నాడు.

ఇంజన్‌ది సరే, ఆ పూట ఆ ఇంట్లో కుక్కర్ నోరూ, మొగుడి నోరూ మూయించింది కూడా నేనే.