మూడో చప్పుడు

ఇనుప కడ్డీతో గని పైకప్పును రెండోసారి తట్టి చెవులాయన ఊపిరి బిగబట్టాడు. కుడిచేతిలో కడ్డీ, ఎడమ అరచెయ్యి పైరాతికి ఆనించి ఉంది. రాయి గట్టిదైతే ఖంగుమంటుంది. పొర విడిచిందైతే డొల్లగా పలుకుతుంది, అరచేతికి సన్నగా వణుకు తగులుతుంది. ఇరవై ఆరేళ్లుగా ఆయన పని ఇదే. మిగతావాళ్లు బొగ్గు దగ్గరికి వెళ్లేముందు కప్పును పలకరించి రావడం. గనిలో ఆ పేరు పడిందీ అందుకే.

ఇంట్లోనూ ఊరుకోడు. కుండ కనబడితే తడతాడు, గోడ కనబడితే తడతాడు.

"నా నెత్తి కూడా ఓసారి కొట్టి చూడు, డొల్లో గట్టో తేలిపోతుంది" అని పొద్దున భార్య నవ్వింది.

"అది పెళ్లయిన వారానికే తేలిందిలే" అన్నాడు బూట్ల తాళ్లు కట్టుకుంటూ.

ఈ రాయి మాత్రం ఖంగుమనలేదు. డొల్లగానూ లేదు. లోపలెక్కడో ఎవరో గొంతు సవరించుకున్నట్టు పలికింది. అరచేతికి ఏమీ తగల్లేదు. ఆయనకు భయం కన్నా ముందు ఆశ్చర్యం కలిగింది. ఇన్నేళ్లలో ఈ చప్పుడు వినలేదు.

వెనక నలుగురు పారలు పట్టుకుని నిలబడ్డారు.

"ఏం బాబాయ్, నీ కప్పు ఇంకా నిద్ర లేవలేదా?" అన్నాడు వాళ్లలో పొడుగోడు.

"మలుపు దాకా వెనక్కి పోండ్రా."

"డొల్లా?"

"కాదు."

"మరి గట్టేగా?"

"తెలీదు."

ఆయన నోట ఆ మాట వాళ్లెప్పుడూ వినలేదు. పారలు ఎత్తుకుని వెనక్కి తిరిగారు.

తెలియని కప్పు కింద నిలబడొద్దని వాళ్లకు నేర్పింది ఆయనే. అయినా ఇంకొక్క దెబ్బ కొడితే ఆ చప్పుడేదో తేలుతుంది, రేపు వీళ్లకూ చెప్పొచ్చు. భుజాన వేలాడుతున్న నీళ్ల సీసా తీసి పొడుగోడికిచ్చాడు.

"పట్టుకో. ఇది గలగలమంటుంటే ఏదీ వినబడి చావదు."

మలుపు దగ్గరినుంచి వాళ్లకు ఆయన తలదీపం కనిపిస్తూనే ఉంది. కడ్డీ ఒకసారి తగిలింది. దీపం పక్కకు వాలింది, వింటున్నాడు.

"ఓహో" అన్నాడు చెవులాయన, మెల్లగా, ఏదో అర్థమైనట్టు.

గాలి వచ్చి నలుగురి మొహాలనూ నెట్టింది. దుమ్ము అణిగాక చూస్తే దీపం లేదు. దారి నిండా రాయి.

ఇద్దరు సాయం కోసం పరుగెత్తారు. పొడుగోడు "బాబాయ్" అని మూడుసార్లు పిలిచాడు. తర్వాత పక్కగోడకు అరచెయ్యి ఆనించి, పిడికిలితో తట్టి, చెవి ఒగ్గి నిలబడ్డాడు. వాడికేమీ తెలియలేదు.

వాడి భుజాన ఆయన సీసాలో నీళ్లు ఇంకా ఊగుతూనే ఉన్నాయి.