పిట్టకు నచ్చే చీర

"ఆ ఎర్రచీర మార్చుకో. పిట్ట బెదురుద్ది," అన్నాడు మా ఆయన ఖాదర్ హుస్సేన్. అప్పటికే నేను పులిహోర డబ్బాకు మూత పెట్టి, ఫ్లాస్కులో టీ పోసి, ఆయన టోపీ వెతికి బల్ల మీద పెట్టి ఉన్నాను. మళ్లీ లోపలికి పోయి బురదరంగు చీర కట్టుకున్నాను. ఆయన ఈ అరబ్బు దేశంలో, డేరా అనే పేటలో టైల్స్ అమ్మే కంపెనీలో గుమాస్తా. అదే ఊళ్లో సత్వా అనే పేటలో ఒక గది ఇల్లు మాది. కొత్త కెమెరా వచ్చిన రెండువేల అయిదు నుంచి ఆయనకు సెలవుండే శుక్రవారాలన్నీ నావి కాకుండా పక్షుల చేతికి పోయాయి. గాజులు వేసుకోకూడదు, చప్పుడు. తలకు మల్లెనూనె రాయకూడదు, వాసన. పిట్టకు వాసన తెలుస్తుందా అని అడిగితే, నీకెందుకు అన్నాడు.

మేం పోయేది కల్బాకు. అటు సముద్రం, ఇటు మడచెట్లు, మధ్యలో బురద. తెల్లటి మెడపట్టీ ఉన్న లకుముకి పిట్ట ఒకటి అక్కడ ఉంటుంది. దానికోసం ఆయనా, ఆయన స్నేహితుడు అంజిబాబూ ఏడాదిగా తిరుగుతున్నారు. మొదటిసారి పోయినప్పుడు, చల్లటి కారులోంచి కెమెరా బయటికి తీయగానే అద్దమంతా ఆవిరి పట్టింది. తుడిస్తే మళ్లీ పట్టింది. పిట్ట ఎదురుగా కొమ్మ మీద కూర్చుని, వీళ్ల తుడుపంతా తీరిగ్గా చూసి ఎగిరిపోయింది. నేను కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను. ఆ నవ్వుకు శిక్షో ఏమో, మరుసటి వారం నుంచి పద్ధతి మారింది. కెమెరాను ముందుగానే బయట వేడిలో, మూడుకాళ్ల స్టాండు మీద ఉంచాలి. దాన్ని ఒంటరిగా వదలకూడదు. కాబట్టి పక్కన నేను. మగవాళ్లిద్దరూ కారులో ఏసీ వేసుకుని కూర్చునేవాళ్లు. పిట్ట వస్తే నేను చెయ్యెత్తాలి, ఆయన దిగి వస్తాడు. "కదలబాక, పిట్ట ఎగిరిపోద్ది," అని ప్రతివారం చెప్పేవాడు. ఆయన కారు తలుపు ధడాలున వేసి వచ్చేసరికి పిట్ట ఉండేది కాదు. కదిలింది నేనే అయ్యేదాన్ని. ఎండకు కాలకుండా కెమెరాకు గొడుగు పట్టేదాన్ని. ఆ గొడుగు ఇద్దరికీ చాలేది కాదు. ఒకసారి కళ్లు తిరుగుతున్నాయంటే అంజిబాబు నీళ్ల సీసా అందించాడు. మా ఆయన, ఇంట్లో స్టవ్వు ముందు తిరగని కళ్లు ఇక్కడెందుకు తిరుగుతాయి అన్నాడు.

అయినా ఆ పిట్టను చూడటం నాకిష్టం. ఎండ్రకాయను కొమ్మకేసి కొట్టే ముందు అది తల ఒక పక్కకు వంచుతుంది, బేరం కుదరని మనిషిలా. దానికేది ఇష్టమో, ఎప్పుడు విసుగో నాకు తెలిసిపోయింది. పెళ్లయి ఇన్నేళ్లలో నన్నెవరైనా ఇంతసేపు చూశారా అనుకునేదాన్ని. అంతలో గొడుగు పక్కకు జరిగిందని కారులోంచి హారన్ మోగేది.

ఒక శుక్రవారం అంజిబాబుకు డ్యూటీ పడింది. మేమిద్దరమే పోయాం. ఎండ బాగా ఎక్కాక పిట్ట మడచెట్లలోంచి వచ్చి, నా తల మీదుగా పోయి, మా కారు సైడ్ మిర్రర్ మీదే వాలింది. ముక్కున ఎండ్రకాయ. నేను చెయ్యెత్తాను. కిటికీ అద్దం వెనక మా ఆయన సీటు వెనక్కి వాల్చి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఏడాదిగా వెతుకుతున్న పిట్ట ఆయన చెవికి జానెడు దూరంలో ఉంది. భుజం లాగేదాకా చెయ్యి ఎత్తే ఉంచాను. తర్వాత దించి, కెమెరాను కారు వైపు తిప్పాను. ఆయన నొక్కడం ఎన్నిసార్లు చూడలేదు. నొక్కాను.

ఇంటికొచ్చాక ఆయన ఆ ఫొటోను కంప్యూటర్లో చూసుకున్నాడు. "కెమెరా నాది. అన్నీ అమర్చి పెట్టింది నేను. బొత్తాం నొక్కేది కూడా ఒక పనేనా," అన్నాడు. ఆ వారంలోనే అంజిబాబుకు, తాను మోకాటి లోతు బురదలో ఊపిరి బిగబట్టి కూర్చున్న కథ చెప్పాడు. ఆ కథకు టీ పెట్టి ఇచ్చింది నేనే. నెల్లూరు నుంచి మా అత్త అమీనాబీ ఫోన్ చేసింది. "నా కొడుకు ఎండలో మాడి ఆ పిట్టను పట్టినాడంట. రవ్వంత నిమ్మకాయ నీళ్లన్నా ఇచ్చినావా లేదా?" ఇచ్చానత్తా, అన్నాను.

నేను వండింది పూటకు అయిపోతుంది. ఉతికింది మర్నాటికి మాసిపోతుంది. నా చేత్తో చేసినవాటిలో అయిపోకుండా, మాసిపోకుండా మిగిలింది ఈ ఒక్క ఫొటో. అదీ ఆయన పేరున పోతోంది.

తెలుగువాళ్ల సంఘం సభలో ఫొటోలు పెడుతున్నారు. ఆయన నా చేతికి సీడీ ఇచ్చాడు. పిట్టను మటుకు ఉంచి మిగతాది కోయించమన్నాడు. తనకు తీరిక లేదు కాబట్టి ఫ్రేము కూడా నేనే కట్టించి, నేరుగా హాలుకు పంపించాలి. మా వీధి స్టూడియోలో రమీజ్ భాయ్ ఫొటో తెరిచాడు, నవ్వబోయి నన్ను చూసి ఆగాడు. ఎక్కడ కోయాలక్కా అని ఉర్దూలో అడిగాడు. నేను తెర దగ్గరికి వంగి చూశాను. మిర్రర్ మీద పిట్ట. కిటికీ వెనక తెరిచిన నోరు. అదే కిటికీ అద్దంలో, చిన్నగా, ఒక గొడుగు. గొడుగు కింద కెమెరా. గొడుగు బయట బురదరంగు చీరలో నేను. ఏడాది శుక్రవారాల్లో నన్ను పట్టిన ఫొటో అదొక్కటే. ఆయన్ని కోస్తే నేనూ పోతాను.

"కాటో మత్, భాయ్. పూరా డాలో," అన్నాను, ఏదీ కోయకుండా మొత్తం వెయ్యమని.

సభ రోజు ఎర్రచీర కట్టుకుని, రెండు చేతులకూ నిండా గాజులు వేసుకున్నాను. మేం పోయేసరికే గోడ దగ్గర జనం మూగి ఉన్నారు. అంజిబాబు ఫొటోలో మా ఆయన్ని చూశాడు, వెనక్కి తిరిగి మా ఆయన్ని చూశాడు.

"ఏందిరా ఖాదరూ, నువ్వు నిద్రపోతా కూడా ఫొటోలు తీస్తావా?"

అందరూ నవ్వారు. తర్వాత ఫొటోలో గొడుగు పక్కనున్న మనిషిని గుర్తుపట్టి, ఒక్కొక్కరే నా వైపు తిరిగారు. మా ఆయన మొహం కందిపోయింది. ఫ్రేము దించడానికి రెండు చేతులూ ఎత్తాడు. నేను వెళ్లి గోడకూ ఆయనకూ మధ్య నిలబడ్డాను. గాజులు గలగలమన్నాయి.

"కదలబాకండి," అన్నాను. "పిట్ట ఎగిరిపోద్ది."