మెడ దగ్గరి సుడులు

తృప్తి మళ్లీ పంపు ఆపేసింది. శామీర్‌పేట దగ్గరి యూనివర్సిటీ ల్యాబులో నాలుగేళ్లుగా ఆమె చూస్తున్నది ఒకటే: వెంట్రుకంత సన్నని గాజు కాలువ, అందులో ఇంకా ఇరుకైన మెడ. మామూలు నీళ్లయితే ఆ మెడలోంచి బుద్ధిగా జారిపోతాయి. నీళ్లలో పొడవాటి సాగే పోగులుగా విడిపోయే పాలిమర్ పొడి చిటికెడు కలిపితే మాత్రం, వేగం ఒక హద్దు దాటగానే మెడకు ముందు, మూలల్లో సుడులు లేస్తాయి. ప్రవాహం ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి ఊగుతుంది. ఆ హద్దు ఎక్కడో చెప్పడమే ఆమె పరిశోధన. అదేమో రోజుకోచోట వస్తోంది.

ఆ మధ్యాహ్నం పాత ద్రావణం అయిపోతే కొత్తది పోసింది. పాతది నిలకడగా పోయిన వేగానికే కొత్తది సుడులు తిరిగింది. తృప్తి మైక్రోస్కోపు ముందు నుంచి చాలాసేపు లేవలేదు. మెడ దాటి వచ్చిన ద్రావణాన్నే పట్టి మళ్లీ పోయడం, ఆమె రాకముందు నుంచీ ఆ ల్యాబు అలవాటు. దాటిన ప్రతిసారీ పాలిమర్ పోగులు తెగిపోయి, సుడులు లేచే హద్దు జరిగిపోతోందన్నమాట.

గైడు శ్రీనివాస్ పాత, కొత్త ద్రావణాల వీడియోలు రెండూ చూసి కళ్లద్దాలు తీశారు.

"ఇప్పటిదాకా తీసిన రీడింగులు?"

"దేన్నీ నమ్మలేం సార్."

"కాన్ఫరెన్సుకు పంపిన పేపర్ వాపస్ తీసుకుందాం. నేను మెయిల్ పెడత. మళ్ల తియ్యాలె, ఏం జేస్తం."

ఆయన కోప్పడినా బాగుండేదనిపించింది. కనీసం ఏడుపన్నా వచ్చేది.

వరండాలో ఉండగా అమ్మ విజయమ్మ ఫోను.

"ఎప్పుడైతది బిడ్డా నీ సదువు? గీ యాడాదన్నా?"

"ఇంకా పడతది అమ్మా."

"ఏంది, గొంతు గట్లుంది?"

"ఏం లేదు. అలిసిపోయిన."

"తిన్నవా?"

"తింట."

లోపలికి వెళ్లి నీళ్లలో పొడిని కొంచెం కొంచెంగా చల్లింది. గట్టిగా కలిపితే పోగులు అక్కడే తెగుతాయని కలిపే యంత్రాన్ని అతి నెమ్మదిగా తిరిగేలా పెట్టింది. కరగడానికి తెల్లారుతుంది. అప్పటిదాకా చేసేదేమీ లేదు.

గేటు దగ్గర భర్త అభిలాష్ బైకు మీద కూర్చుని ఉన్నాడు. గుండ్లపోచంపల్లి గోదాములో డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు.

"ఏమాయె?"

"మళ్ల మొదటి నుంచి."

అతను బండి స్టార్ట్ చేశాడు. "నాకు గూడ నిలబడి నిలబడి కాళ్లు గుంజుతున్నయ్. ఎక్కు, పోదాం."

మేడ్చల్ రోడ్డు మీద లారీల వెనక బండి మెల్లగా పోతుంటే ఆమె అతని వీపుకు తల ఆనించింది.

"నిద్రవోకు, పడతవ్."

"పోను," అంది కళ్లు మూసుకునే.